గెంటేసిన వారంలోనే కోర్టుకు పోవాలె
(ఆదిభట్ల వాడలో మహిళల సభలో చేసిన ప్రసంగం)



ఈ ఊరి నేల ఎట్ల మారిందో మీకు నేను చెప్పేదేం లేదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, టీసీఎస్ వచ్చింది, టాటా వాళ్ల విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చినయ్. గజం ధర పెరిగినకాడ అన్నదమ్ములే పగోళ్లైతున్నరు. ఇగ మొగుడు పెండ్లాన్ని వెళ్లగొట్టి ఇల్లమ్మాలనుకుంటే ఎంతసేపు? సంతకం పెట్టినంత సేపు.

మొన్న ఒక చెల్లె వచ్చింది. పేరు చెప్పను. ఇద్దరు పిల్లలతోని కొట్టి బయటేసిండు. మూడు నెలలు పెద్దమనుషుల చుట్టూ తిరిగింది. మొదటి పంచాయితీకి ఆయన రాలే. రెండోదానికి తాగొచ్చిండు. మూడోదానికొచ్చి నెల గడువడిగిండు. ఆ నెలలోనే ఇంటికి అమ్మకం అగ్రిమెంటు రాసిచ్చిండు. పంచాయితీ చెప్పినోళ్లు చెడ్డోళ్లేం కారు, మనోళ్లే. కానీ అమ్మకం ఆపే అధికారం వాళ్ల చేతిల లేదు, మెజిస్ట్రేటు చేతిల ఉంది. బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదిలిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లు ఆగిపోవడం ఒకటి. ఆయన ఫొటో కింద కూసోని "సర్దుకపో బిడ్డా" అనుడు మనకు తగునా?

498ఏ కేసు పెడితే అన్నీ అయితయనుకుంటరు. 2024 జులై నుంచి అది న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఆ కేసు ఆయనకు శిక్ష కోసం. ఈ రాత్రి తల దాచుకునే జాగ, పిల్లల తిండి దానిల రావు. వాటికి 2005 గృహహింస చట్టం ఉంది. 12వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలె. పుట్టింట్ల ఉంటున్నవా, అక్కడి కోర్టులోనే వేయొచ్చు.

ఒట్టి పిటిషన్ వేసి ఊరుకుంటే మాత్రం లాభం లేదు. మూడు రోజుల్లో మొదటి విచారణ, 60 రోజుల్లో పరిష్కారానికి ప్రయత్నం అని చట్టంలో రాసిండ్రు. ఆ 60 రోజులు ఎన్నేండ్లయితున్నయో కోర్టు చుట్టూ తిరిగినోళ్లనడగండి. అందుకే అదే రోజు, 23వ సెక్షన్ కింద, మధ్యంతర ఆర్డరు కావాలని విడిగా అడగాలె. 3వ నంబరు ఫారంలో అఫిడవిట్ పెట్టాలె. అది చూసి మెజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే అవతలి మనిషి రాకముందే ఆర్డరియ్యొచ్చు: కొట్టొద్దు, ఇంట్లకెల్లి వెళ్లగొట్టొద్దు, ఇల్లు అమ్మొద్దు, ఖర్చులకియ్యాలె అని. ఇల్లు అత్తమామల పేర ఉన్నా, కాపురమున్న ఇల్లైతే ఉండే హక్కు అడగొచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండే హక్కు అంటున్న, సొంతమైతదని కాదు.

అఫిడవిట్‌లో "రోజూ కొడతడు" అని రాస్తే చాలదు. ఏ తారీఖున, దేనితోని, ఎవరు చూసిండ్రు, ఏ దవాఖానకు పోయినవు, ఇల్లమ్ముతున్నడని ఎట్ల తెలిసింది, అన్నీ రాయాలె. లేనిది కలపొద్దు. ఇది తాత్కాలిక ఆర్డరే. రేపు ఆయన వకీలొచ్చి ఒక్క అబద్ధం పట్టుకుంటే చేతికొచ్చింది పోతది.

ఆర్డరు కాపీ ఉచితంగా ఇయ్యాలె. అది పెట్టెల దాచుకునేది కాదు. ఒకటి పోలీస్ స్టేషన్ల ఇచ్చి రశీదు తీసుకో. ఒకటి కొనేటోనికి చూపించు. రక్షణ ఆర్డరు దాటితే ఏడాది దాకా జైలు, లేకుంటే 20,000 దాకా జరిమానా, రెండూ పడొచ్చు. వకీలు ఫీజుకు భయపడకండి. 1987 చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలునిస్తరు. 15100కు ఫోన్ చేయండి.

ఆ చెల్లె ఇంటికి రిజిస్ట్రేషన్ ఇంక కాలే. సోమవారం ఇబ్రహీంపట్నంలో పిటిషన్ వేస్తున్నం. ఈ సభ అయినంక ఇక్కడనే కూసోని ఆమె అఫిడవిట్ రాస్తం. కొట్టిన నాడు చూసిన వదినలు ఇద్దరున్నరు, మీరు ఇండ్లకు పోకండి.