బోలు రూపాలు, గోడ మందం



కంప్యూటరుపై వస్తువుల నమూనాలు రూపొందించే నా వృత్తిని గూర్చి ఈ ప్లాటినం ఉత్సవ సభలో మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. వృత్తి అంతటినీ వివరించబోను. లోపల బోలుగా ఉండే వస్తువును తెరపై నిర్మించడమనే ఒక్క పనిని గూర్చి మనవి చేస్తాను. నా తొలి తప్పు అందులోనే జరిగింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాస్టిక్ పెట్టె నమూనా నాకు అప్పగించారు. పొడవు 100 మి.మీ., వెడల్పు 50, ఎత్తు 20. నేనొక నిండు దీర్ఘఘనాన్ని తయారుచేసి, దాని ప్రతిని పదింట తొమ్మిది వంతులకు కుదించి, సరిగ్గా నడుమ ఉంచి, మొదటిదానిలోనుండి తీసివేశాను. బయటకు చూడముచ్చటగా ఉంది. మా పై ఇంజనీరు ఒకే మాట అన్నారు: "అడ్డంగా కోసి చూపించు." కోసి చూస్తే కొసల గోడలు 5 మి.మీ., పక్క గోడలు 2.5, అడుగు 1 మి.మీ. మాత్రమే!

తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి గనుక ఆంగ్లంలోని సూచనలు సరిగా అర్థంకాక తప్పు చేశానని ఆ రాత్రి కుమిలిపోయాను. తెల్లవారేసరికి మా లెక్కల మాస్టారు నల్లబల్లపై గీసిన బోలు స్థూపం కళ్లముందు నిలిచింది. బయటి వ్యాసార్ధంలోనుండి లోపలి వ్యాసార్ధాన్ని తీసివేస్తే వచ్చేది మందం అని ఎన్నిసార్లు చెప్పించారో! నేను చేసినది నిష్పత్తిలో కుదించడం. చేయవలసినది ప్రతి తలంనుండి సమాన దూరం లోపలికి జరగడం. గోళం విషయంలో ఈ రెండూ ఒకటే అవుతాయి, దీర్ఘఘనంలో కావు. తప్పు భాషది కాదు, ఆలోచనది.

గోడ మందం అంత ముఖ్యమా అని మీరడగవచ్చు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట ఆలస్యంగా చల్లారి, ఎక్కువగా కుంచించుకుపోతుంది. అక్కడ పైభాగాన గుంటలు పడతాయి. వస్తువు వంకర తిరుగుతుంది.

సమాన మందం కోసం ఈ సాఫ్ట్‌వేర్‌లలో 'షెల్' అనే ఆజ్ఞ ఉన్నది. తెరిచి ఉంచవలసిన ముఖాన్ని చూపి, మందం 2 మి.మీ. అని చెబితే చాలు. మా పెట్టె పైముఖాన్ని తెరిస్తే లోపలి ఖాళీ 96, 46, 18 మి.మీ. అవుతుంది, నిండు పెట్టెకు పట్టే పదార్థంలో ఐదో వంతు కొద్దిగా మించి సరిపోతుంది. అయితే మూలలను ముందే గుండ్రం చేయాలి. బయటి మూల వ్యాసార్ధం 5 అయితే లోపలిది 3 అవుతుంది. బయట 1 మాత్రమే ఉంచి 2 మి.మీ. మందం అడిగితే లోపలి వంపుకు చోటే మిగలదు. అక్కడ మూల వాడిగానైనా తేలుతుంది, లేదా కంప్యూటరు చేయలేనని మొరాయిస్తుంది. కొత్తవారు యంత్రాన్ని తిట్టేది ఇక్కడే (నేనూ తిట్టినవాణ్ణే).

మన బడి వెనుక వీధిలో కుమ్మరి తాత పనిని మీలో కొందరు చూసే ఉంటారు. చక్రం మీదనుండి దించిన కుండ గోడలు మందంగా ఉండేవి. ఒక చేత్తో లోపల రాతిగుండు ఆనించి, మరో చేత్తో బయట కొయ్యచెక్కతో తట్టుతూ, గోడను పలుచన చేస్తూ కుండను పెంచేవాడు. కంటికి కనబడని లోపలి తలాన్ని ఆయన చేయి ఎరుగును. తెరపై మాకు ఆ చేయి లేదు. అందుకే మాటిమాటికీ కోసి చూసుకుంటాము.

మరొక్క సంగతి. బోలు వస్తువును పూర్తిగా మూసివేసి త్రీడీ ప్రింటరుకు ఇస్తే, ద్రవంతో గాని పొడితో గాని పనిచేసే యంత్రంలో మిగిలిన పదార్థం లోపలే చిక్కుకొంటుంది. అది బయటికి వచ్చేందుకు రంధ్రం విడవాలి.

రేపు మధ్యాహ్నం కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి పిల్లలతో కలిసి ఒక కుండను నిర్మించబోతున్నాను. సగం రేఖను గీసి, అక్షం చుట్టూ త్రిప్పి, మూతి తెరిచి, బోలు చేస్తాము. అంచు మాత్రం గోడకంటె మందంగా ఉండాలి. ఎంత మందమో పిల్లలనే నిర్ణయించమంటాను. అందుకై ఇంటినుండి ఒక్కొక్క మట్టిపాత్రను వెంట తెమ్మని వారికి చెప్పి ఉంచాను. పగిలినదైతే మరీ మంచిది, గోడ మందం కొలవవచ్చు.