అతుకు, ఊపిరి

 

ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు లోపల కూర్చుని వెల్డింగ్ చేస్తున్న ఒక పెద్దాయనను చూశాను. ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకున్నాడు. బయటికొచ్చి విప్పితే, ముక్కు ఆనిన చోట గోధుమరంగు మరక. నేను అతుకు చూసి బాగుందని సంతకం పెట్టాను. మరక సంగతి అడగలేదు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం ఉంటుంది. దాన్ని అతికే 308ఎల్ రాడ్డులో ఇంకాస్త ఎక్కువ. తుప్పును ఆపే పలుచని పొర ఆ క్రోమియం చలవే. అదే క్రోమియం ఆర్క్ వేడికి హెక్సావాలెంట్ రూపంలో పొగలో కలిస్తే క్యాన్సర్ తెస్తుంది. 2006లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా, గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దించింది.

రాడ్డులో అసలు క్రోమియమే లేకపోతే? ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జెరాల్డ్ ఫ్రాంకెల్, జాన్ లిపోల్డ్ ఈ ప్రశ్న పట్టుకున్నారు. నికెల్, రాగి కలిపి చూశారు. చిక్కంతా తుప్పు దగ్గరే. పెద్ద రేకు మధ్య అతుకు సన్నని గీత. ఉప్పునీటిలో ఆ గీత పొటెన్షియల్ రేకు కన్నా తక్కువైతే, తుప్పు భారమంతా దాని మీదే పడి గుంటలు ఏర్పడతాయి. అందుకని అతుకు పొటెన్షియల్ రేకు కన్నా కాస్త పైనుండాలి. కొద్దిపాటి పల్లాడియం కలిపితే అది కుదిరింది. దాని ధర భరించలేక తర్వాత రుథేనియంను ప్రయత్నించారు.

ఈ రాడ్డులతో పొగలో హెక్సావాలెంట్ క్రోమియం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, రేకు కూడా కొంత కరుగుతుంది కదా. నికెల్ పొగా మంచిది కాదు. నైట్రిక్ ఆమ్లం నిలవుండే చోట నికెల్-రాగి అతుకు నిలవదు. అయినా, అతుకు బలాన్నీ అతికేవాడి ఊపిరినీ ఒకే లెక్కలో పెట్టిన ఈ పని నాకు చాలా గొప్పగా తోస్తుంది.

పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లారా, రేపు మీ ముందుకూ వెల్డింగ్ కాగితం సంతకానికి వస్తుంది. ఒక్కసారి ట్యాంకులోకి దిగండి. పొగ లాగే గొట్టం పనిచేస్తోందో లేదో చూడండి. రాడ్డు పట్టుకున్న మనిషిని పలకరించండి. సంతకం ఆ తర్వాతే పెట్టండి.