పేరు మార్చుకోవద్దు, పనిని కనబడనివ్వండి
(గండికోటలో ఉద్యోగార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు ఇక్కడికి వచ్చారు. లింక్డ్‌ఇన్ వంటి వేదికలపై మన వివరాలను ఎలా తీర్చిదిద్దుకోవాలన్నది నేటి విషయం. దానికి ముందు ఒక చేదు నిజాన్ని చెప్పుకోక తప్పదు.

2022లో లెడ్‌బై ఫౌండేషన్ ఒక అధ్యయనాన్ని వెలువరించింది. సమాన అర్హతలు గల రెండు దరఖాస్తులను, ఒకటి హిందూ స్త్రీ పేరుతోను, మరొకటి ముస్లిం స్త్రీ పేరుతోను, వెయ్యి ఉద్యోగాలకు పంపారు. మొదటి పేరుకు 208 అనుకూల జవాబులు రాగా, రెండవ పేరుకు 103 మాత్రమే వచ్చాయి. కాబట్టి జవాబు రాని ప్రతిసారీ లోపం తమదేనని మన బిడ్డలు కుంగిపోనక్కరలేదు.

అలాగని చేతులు ముడుచుకొని కూర్చోలేము. పేరు మార్చుకోమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. ఆ పేరు కింద ఉన్న చోటును ఖాళీగా వదలవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాము.

ఈ గండికోటలో మీర్ జుమ్లా కొలువున ఒక ఫ్రెంచి పనివాడు ఫిరంగులు పోతపోసే పనికి కుదిరాడు. 1652లో ఇక్కడికి వచ్చిన వర్తకుడు టావెర్నియే ఆ సంగతిని తన యాత్రా గ్రంథంలో రాసి ఉండకపోతే ఆ పని ఊసు మన దాకా వచ్చేది కాదు. మన పిల్లల పనితనం కూడా రాతలోకి ఎక్కక మరుగున పడిపోతున్నది.

పేరు కింద కనిపించే మొదటి వాక్యాన్నే తీసుకోండి. చాలామంది అక్కడ ‘ఉద్యోగాన్వేషణలో ఉన్నాను’ అని రాస్తారు. అది మన అవసరాన్ని చెబుతుందే గాని శక్తిని చెప్పదు. ‘బీకాం పట్టభద్రుడు; టాలీలో జీఎస్టీ లెక్కలు; ప్రొద్దుటూరు బట్టల దుకాణంలో రెండేళ్ల అనుభవం’ అంటే చదివేవారికి మనిషి కళ్లకు కడతాడు. దుకాణంలో చేసిన పని, కువైట్‌లో ఏసీలు బాగుచేసిన ఏళ్లు, ఇంటి వద్ద పిల్లలకు చెప్పిన ట్యూషన్లు, అన్నీ అనుభవమే. ఎన్నాళ్లు, ఎంత పని అన్నది అంకెలతో రాయండి. చేయని పనిని మాత్రం రాయకండి.

ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు మాట్లాడే మనం భాషల గడిని ఖాళీగా వదిలేస్తున్నాము. బ్యాంకులు, ఆసుపత్రులు, కాల్ సెంటర్లు వెతికేది ఇటువంటివారినే. ఫొటో అందరికీ కనబడటం ఇష్టంలేని సోదరీమణులు, అది ఎవరికి కనబడాలో సెట్టింగులలో తామే నిర్ణయించుకోవచ్చు. ఉద్యోగమిస్తామని ముందుగా డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

ఇక ఉద్యోగాలలో స్థిరపడిన పెద్దలకు ఒక మాట. పరిచయాలు లేనివారికి ప్రొఫైల్ ఎంత దిద్దినా సగమే ఫలితం. తెలిసినవారు చెప్పిన మాటకు సంస్థలలో విలువ ఉంటుంది. మీ చేతికింద పనిచేసినవారి గురించి, మీరు చదువు చెప్పినవారి గురించి నాలుగు వాక్యాల సిఫారసు రాయండి. మీ సంస్థలో ఖాళీ ఏర్పడితే ముందుగా ఊరికి తెలియజేయండి.

ఇంత చేసినా, పేరు చూసి దరఖాస్తును పక్కన పెట్టే అన్యాయం దానంతట అది పోదు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో మత వివక్షను నిషేధించింది గాని, దాని పరిధి ప్రైవేటు సంస్థల దాకా రాదు. సమాన అవకాశాల కమిషన్‌ను నెలకొల్పాలని 2006లోనే సచార్ కమిటీ సిఫారసు చేసింది. ఆ కోరికను మనం విడిచిపెట్టరాదు.

అంతవరకు ఈ నెలలో ప్రతి ఉద్యోగీ ఒక్క నిరుద్యోగి పక్కన గంటసేపు కూర్చొని, అతని ప్రొఫైల్‌ను దగ్గరుండి దిద్దించాలని మనవి చేస్తున్నాము.