పాలారు లోయలో కొండనెక్కే బండ్లు



గుడియాత్తం వైపు ప్రయాణించే పాసెంజరు బండిని లూపులైనులో నిలిపి, గూడ్సు బండిని ముందుకు పంపినప్పుడు పెట్టెలలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: మనుషులకన్న మూటలు ముఖ్యమా? ఆ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. బడి గంటకు అందవలసిన విద్యార్థి, రాయవేలూరు ఆసుపత్రిలో తెల్లవారకముందే వరుసలో నిలవవలసిన రోగి ఆ పెట్టెలలోనే ఉంటారు. సమాధానం మాత్రం స్టేషను మాస్టరు గదిలో కాక, పడమటి కొండలలో వెదకవలసి ఉంటుంది.

దక్షిణ దేశంలో తొలి రైలు 1856లో రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడిచింది. మరుసటి ఏడు, అనగా ఉత్తర భారతంలో సిపాయిలు తిరగబడిన 1857లో, పట్టాలు గుడియాత్తం చేరాయి. దేశంలో ఇనుపదారి చూసిన తొలి పట్టణాలలో ఇదొకటి అని ఇక్కడి పిల్లలు గర్వంగా చెప్పుకొనవచ్చును. 1860లో ఆ దారి జోలార్‌పేటకు, 1862 నాటికి పడమటి తీరంలోని బేపూరుకు సాగింది. 1864లో జోలార్‌పేట నుండి బెంగళూరుకు శాఖ ఏర్పడింది.

నాటి ఇంజనీర్లు ఊళ్ల పేరుప్రతిష్ఠల కంటె నేల వాలునే చూశారు. కోట, పేట గల రాయవేలూరు పాలారుకు దక్షిణాన ఉండగా, పెద్దలైను ఉత్తరపు గట్టునున్న కాట్పాడి మీదుగా పోయింది. గుడియాత్తానికి కూడ స్టేషను ఊరి నడుమ దక్కలేదు. నది కొన్ని వేల ఏండ్లు శ్రమించి కొండల నడుమ తొలిచిన సందు సిద్ధంగా ఉండగా మరొక దారి ఎందుకు? ఒకవైపు జవ్వాది కొండలు, మరొకవైపు తూర్పు కనుమల అంచులు. ఆంబూరు, వాణియంబాడి దాటి ఏలగిరి పాదం చేరేవరకు కిటికీ పక్కన కూర్చున్నవారికి వేరే కాలక్షేపం అక్కరలేదు.

అసలు పరీక్ష జోలార్‌పేట తరువాతనే. ఆ జంక్షను సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉన్నది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున. దారి సుమారు 145 కిలోమీటర్లే గాని, ఎక్కవలసిన ఎత్తులో సగానికి పైగా మొదటి నలభై కిలోమీటర్లలో, కుప్పం చేరేలోపే, ఎక్కివేయాలి. తమిళనాట బయలుదేరి కన్నడదేశం పోయే బండి నడుమ కాసేపు తెలుగునేల మీద నడవడం మరొక విశేషం. పాలారుది కూడ అదే కథ, ఎదురుదిశలో. కన్నడదేశంలోని నంది కొండలలో పుట్టి, 33 కిలోమీటర్లు ఆంధ్రలో పారి, తమిళనాట ప్రవేశిస్తుంది. నది దిగిన సీమలోనికే రైలు ఎక్కుతుంది.

ఉక్కుచక్రం ఉక్కుపట్టా మీద దొర్లేటప్పుడు, సమతలంలో ఒక టన్ను బరువును లాగడానికి రెండు మూడు కిలోల బలం చాలును. నూరడుగులకు ఒక అడుగు లేచే వాలు వచ్చిందా, ప్రతి టన్నుకు మరి పది కిలోల బలం కావలెను. నాలుగు వేల టన్నుల గూడ్సుకు అటువంటి వాలుపై యాబది టన్నులకు పైగా లాగుడు అవసరం. నూటయిరవై టన్నుల ఇంజను ఎంత శక్తి గలదైనను, తన బరువులో మూడవ వంతుకు మించి లాగబోతే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. వాన పడితే ఆ పట్టు ఇంకను తగ్గుతుంది. అందుకే చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటు. ఇట్టి ఎక్కుడులలో బండి వెనుక మరొక ఇంజనును నిలిపి తోయిస్తారు. రైల్వేవారు దానిని బ్యాంకరు అంటారు. ముందునుండే అంతా లాగితే కొక్కేలు తెగే ప్రమాదముండగా, వెనుకనుండి తోస్తే ఆ భారం తగ్గుతుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో బొగ్గు వేసే ఫైర్‌మన్ పడిన కష్టం పాసెంజరు పెట్టెలలోని వారి కంటికి కనబడినది కాదు.

ఎక్కుడులో ఇంత బరువు ఒకసారి నిలిచిపోతే తిరిగి కదిలించడం మహాకష్టం; పాసెంజరు నిలిచినా సులువుగా కదలగలదు. కొండదారిలో తేలికైనది ఆగడం న్యాయమే. అయితే ఆ న్యాయాన్ని సమతలానికి కూడ వర్తింపజేయడం సమంజసం కాదు. అక్కడ ఆలస్యానికి కారణం కొండ కాదు, పట్టాల కొరత.

కాట్పాడి నుండి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతి పోయే లైను ఇందుకు నిదర్శనం. మీటరు గేజిగా మొదలై బ్రాడ్ గేజిగా మారినను అది ఒంటిలైనుగానే మిగిలింది. ఒంటిలైనులో ఎదురెదురు బండ్లు స్టేషనులలో తప్ప ఒకదానినొకటి దాటలేవు. పూర్వం డ్రైవరు చేతికి టోకెను అందితేనే బండి కదిలేది. ఆ గుండ్రని వెదురు చట్రాన్ని కదిలే ఇంజను నుండి అందుకొనే దృశ్యం పెద్దవారికి జ్ఞాపకముండవచ్చును. తిరుపతి, పాకాల, కాట్పాడి నడుమ 104 కిలోమీటర్లకు రెండవ లైను వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో అనుమతించింది. వ్యయం సుమారు 1,332 కోట్ల రూపాయలు. కొండయాత్రికునికి, రోగికి, విద్యార్థికి ఎప్పుడో అందవలసిన సదుపాయమిది.

ఇక మూటల మాట. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయినవి. జూలై 12న జోలార్‌పేట నుండి ఒక గూడ్సు బండి బయలుదేరింది. యాబది వ్యాగన్లలో ఇరువదియైదు లక్షల లీటర్ల మంచినీరు, అనగా నీటి బరువే రెండువేల అయిదువందల టన్నులు. వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం, కాట్పాడి మీదుగా అది విల్లివాక్కం చేరింది. ఆ ఊళ్లకు కూడ నీటి ఎద్దడి లేకపోలేదు. తోళ్ల పరిశ్రమల వ్యర్థాలతో పాలారు పాడయిన సంగతిపై 1996లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. ఇసుక తేలిన నది ఒకవైపు, నీటితో నిండిన బండి మరొకవైపు.

కొన్ని నెలలపాటు ఆ బండ్లు నడిచాయి. నిండుగా దిగినవి, చెన్నైలో నీరు దించి, ఖాళీగా మళ్లీ గుడియాత్తం మీదుగా ఎగువకు పోయేవి.