కాగితం ఎవరి కోసం పుట్టింది? 1914 యుద్ధకారణాల విచారణ



విప్లవాలు ఎందుకు పుడతాయి, దేశాలు యుద్ధాల్లోకి ఎందుకు దిగుతాయి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఒక సాయంత్రంలో తెమిలే విషయం కాదిది. అందుకని కుదించుకున్నాను. ఎందుకన్నదానికి జవాబు చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ జవాబుకు ఆధారం ఏమిటని నిలదీసేవాళ్లు తక్కువ. ఇవాళ నేను ఆ రెండో పని పెట్టుకుంటున్నాను. ముఖ్యంగా ఒకే ఒక్క ఘట్టం తీసుకుంటాను: 1914 జూన్ 28 నుంచి ఆగస్టు 4 వరకు యూరప్ రాజధానుల్లో నడిచిన వ్యవహారం. నేను చెప్పదలచుకున్నదీ ఒక్కటే. ఒక కాగితంలో ఏముందో చదివే ముందు, అది ఎవరు చదవాలని రాశారో తేల్చుకోవాలి.

మన బళ్లలో నేర్పే జవాబు మీ అందరికీ కంఠతా వచ్చు. తక్షణ కారణం సారయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. దీర్ఘకాలిక కారణాలు సామ్రాజ్యవాదం, సైనికవాదం, తీవ్ర జాతీయవాదం, రహస్య ఒప్పందాలు. ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ దీర్ఘకాలిక కారణాలన్నీ 1905లో మొరాకో తగాదా వచ్చినప్పుడూ ఉన్నాయి. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్నప్పుడూ, 1911లో మొరాకో గొడవ మళ్లీ రేగినప్పుడూ, 1912-13 బాల్కన్ యుద్ధాలప్పుడూ ఉన్నాయి. అప్పుడెప్పుడూ రాని మహాయుద్ధం 1914 వేసవిలోనే ఎందుకొచ్చిందో ఆ జాబితా చెప్పదు. అది తెలియాలంటే ఆ కొద్ది వారాలను రోజుల వారీగా, కొన్నిచోట్ల గంటల వారీగా చూడాలి.

యుద్ధం మొదలైన వారం నుంచే ప్రభుత్వాలు తమ తమ పత్రాలను పుస్తకాలుగా అచ్చువేశాయి. జర్మనీది తెల్ల పుస్తకం, బ్రిటన్‌ది నీలం, రష్యాది నారింజ, ఫ్రాన్స్‌ది పసుపు, ఆస్ట్రియాది ఎరుపు. ఆస్తి దావాలో వాది తనకు పనికొచ్చే దస్తావేజులే దాఖలు చేసినట్టు, వీటిలో ప్రతి ప్రభుత్వమూ తనను తాను నిర్దోషిగా చూపించే కాగితాలే పెట్టింది. చదవాల్సినవాడు సొంత దేశపు ఓటరు, తటస్థ దేశపు పత్రికాపాఠకుడు. కొన్నిచోట్ల ఏరుకోవడంతో ఆగలేదు. జులై 31న రష్యాలోని ఫ్రెంచి రాయబారి పలియొలోగ్ పంపిన టెలిగ్రామ్ ఒకే వాక్యం: రష్యా సైన్యానికి సార్వత్రిక సమీకరణ ఆజ్ఞ వెలువడిందని. పసుపు పుస్తకంలో అదే టెలిగ్రామ్ సాగి పెద్దదైంది. ఆస్ట్రియా సార్వత్రిక సమీకరణ వల్లా, జర్మనీ ఆరు రోజులుగా రహస్యంగా చేస్తున్న సన్నాహాల వల్లా రష్యా ఈ పని చేయక తప్పలేదన్న వివరణ అందులో చేరింది. నిజానికి రష్యా ఆజ్ఞ జులై 30 సాయంత్రం వెలువడింది, ఆస్ట్రియా సార్వత్రిక సమీకరణ ఆజ్ఞ మర్నాడు. ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ వెళ్లింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవాడికి తప్ప ఈ మోసం కనబడదు.

యుద్ధం ముగిశాక పత్రాల పోరు మరింత ముదిరింది. 1917 నవంబరులో అధికారానికి వచ్చిన బోల్షెవిక్‌లు జారు చక్రవర్తి రహస్య ఒప్పందాలను పత్రికలకెక్కించారు. పాత రాజ్యం పరువు తీయడమే వాళ్ల ఉద్దేశం, దాన్ని దాచుకోలేదు కూడా. 1919 జూన్ 28న, హత్య జరిగి సరిగ్గా అయిదేళ్లకు, వెర్సాయ్ సంధి మీద సంతకాలయ్యాయి. దాని 231వ అధికరణం నష్టానికి బాధ్యత జర్మనీ, దాని మిత్రుల మీద పెట్టింది. దాన్ని తుడిచేసుకోవడానికి జర్మన్ విదేశాంగ శాఖ ప్రత్యేక విభాగమే పెట్టుకుంది, 1922-27 మధ్య 40 సంపుటాల పత్రాలు అచ్చువేయించింది. ఆ సంపుటాలు మొదలయ్యేది 1871తో. ఎక్కడ మొదలుపెట్టాలన్న నిర్ణయంలోనే వాదన ఉంది. నలభయ్యేళ్లకు పైబడిన యూరప్ రాజకీయమంతా చదివినవాడికి జులై 1914 ఒక చిన్న కొసరులా అనిపిస్తుంది, తప్పు అందరికీ సమంగా పంచినట్టు తోస్తుంది. బ్రిటన్ కూడా తన సంపుటాలతో బదులిచ్చింది. ఈ పోటీ మనకు చేసిన మేలు ఒకటుంది: ఏ యుద్ధానికీ అంతకు ముందు ఇన్ని పత్రాలు ఇంత త్వరగా బయటికి రాలేదు.

సరే, నమ్మదగిన కాగితం ఎలా ఉంటుంది? 1914 జులై 7న వియన్నాలో జరిగిన మంత్రిమండలి సమావేశపు కార్యక్రమ నివేదిక చూడండి. అంతకు ముందు జులై 5, 6 తేదీల్లో ఆస్ట్రియా దూత హోయోస్ బెర్లిన్ వెళ్లి, సెర్బియా విషయంలో మీరేం చేసినా మా అండ ఉంటుందన్న హామీ తెచ్చాడు. చరిత్రకారులు ఖాళీ చెక్కు అనేది దీన్నే. 7న మంత్రులు చర్చించారు. సెర్బియాను దౌత్యంతో అవమానించి వదిలేస్తే లాభం లేదని, అది ఒప్పుకోలేని షరతులు పెట్టాలని, హంగరీ ప్రధాని టిసా తప్ప తక్కినవాళ్లంతా ఏకాభిప్రాయానికి వచ్చారు. ఇది పత్రికల కోసం రాసింది కాదు, రేపటి చరిత్రకారుడి కోసం రాసిందీ కాదు. మర్నాటి పని నడవడానికి రాసుకున్నది. అది రాసినప్పుడు ప్రపంచయుద్ధం ఇంకా రాలేదు, కాబట్టి తప్పు కప్పిపుచ్చుకోవలసిన అవసరమూ లేదు. జులై 23 సాయంత్రం సెర్బియాకు 48 గంటల గడువుతో తుది హెచ్చరిక ఇచ్చింది న్యాయం కోరి కాదు, కాదనిపించుకోవడానికే అన్న మాటకు ఈ ఒక్క కాగితం చాలు.

అంతర్గత పత్రమైతే చాలు, నిజమే అనుకోకూడదు. సెర్బియా మీద యుద్ధప్రకటనకు ముసలి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ అనుమతి కోరుతూ విదేశాంగ మంత్రి బెర్క్‌టోల్డ్ ఒక సంఘటన ఉదహరించాడు. తెమెష్ కుబిన్ అనే చోట సెర్బులు మన సైన్యం మీద కాల్పులు జరిపారని. అనుమతి వచ్చింది. తర్వాత ఆ వార్తకు నిర్ధారణ లేదని ప్రకటనలోంచి ఆ వాక్యం తీసేశానని ఆయనే చక్రవర్తికి తెలియజేశాడు. చదవాల్సినవాడు ఒక్కడే అయినా, వాణ్ణి ఒప్పించడానికి రాసిన కాగితం ప్రచారపత్రమే.

జులై 28 ఉదయం జర్మన్ చక్రవర్తి కైజర్ విల్హెల్మ్ ఆ తుది హెచ్చరికకు సెర్బియా ఇచ్చిన జవాబు చదివి, యుద్ధానికి ఇక కారణమే లేదని మార్జినులో రాసుకున్నాడు. సరిగ్గా ఆ పూటే వియన్నా యుద్ధం ప్రకటించింది. కైజర్ అమాయకుడని వాదించేవాళ్లకు ఈ మార్జిను ప్రాణం. అదే మనిషి మిగతా రోజుల్లో మార్జినుల్లో రాసిన నిప్పులు చెరిగే మాటలను వాళ్లు పక్కన పెడతారు. నా దృష్టిలో ఆ రాత వల్ల తెలిసేది ఆ ఉదయం ఆయన మనసు. ఆ మాట వియన్నాకు చేరేలోపు ఏమైందన్నది అంతకన్నా ముఖ్యం. ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ దాన్ని రాత్రికి గానీ పంపలేదు, పంపినప్పుడు పదును తగ్గించి పంపాడు.

ఇక జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్. 1961లో వెలువడిన ఆయన గ్రంథం పశ్చిమ జర్మనీని కుదిపేసింది. యుద్ధం నెత్తిన పడిన ఆపద కాదు, జర్మన్ పాలకులు కోరి తెచ్చుకున్నదన్నది ఆయన వాదన. ప్రధాన ఆధారాల్లో ఒకటి 1914 సెప్టెంబరు 9 నాటి యుద్ధలక్ష్యాల పత్రం. ఫ్రాన్స్‌ను నిర్వీర్యం చేయాలి, బెల్జియంను చెప్పుచేతల్లో పెట్టుకోవాలి లాంటి లక్ష్యాలు అందులో ఉన్నాయి. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాని తేదీ చూడండి. యుద్ధం మొదలై అయిదు వారాలు దాటాక, గెలుపు చేతికందబోతోందన్న ధీమాలో రాసుకున్నది. దొంగతనానికి వెళ్లినవాడికీ, తెరిచి ఉన్న ఇల్లు చూసి ఆశపడినవాడికీ తేడా ఉందని ఫిషర్ విమర్శకులు అన్న మాటలో సారం ఉంది. ఆయన వాదన మొత్తం ఆ ఒక్క పత్రం మీద నిలబడలేదన్నదీ నిజమే. అయినా నేరుగా జులైకి సంబంధించిన పత్రాలుండగా సెప్టెంబరు పత్రం మీద అంత బరువు మోపడం ఆయన చేసిన పొరపాటు.

ఆ వివాదంలోనే మరో ముచ్చట. ఛాన్సలరుకు ఆంతరంగికుడైన కుర్త్ రీజ్లర్ దినచర్య 1972లో అచ్చయింది. సెర్బియా మీద చర్య ప్రపంచయుద్ధానికి దారితీయవచ్చని ఛాన్సలరు జులై మొదటి వారంలోనే గ్రహించినట్టు అందులో ఉంది. పదేళ్లు దాటాక ఒక చరిత్రకారుడు అసలు ప్రతి తిరగేశాడు. మిగతా దినచర్య నోటుపుస్తకాల్లో ఉంటే, జులై 1914 రోజులు మాత్రం విడికాగితాల మీద ఉన్నాయి. అప్పటికే రీజ్లర్ పోయి చాలాకాలమైంది. ఆ రోజునే రాశాడా, తర్వాత తిరగరాశాడా అన్నది ఇప్పటికీ తేలని తగువు. అచ్చుపుస్తకంలో అన్ని పేజీలూ ఒకేలా కనిపిస్తాయి. పరిశోధన చేసే పిల్లలు వీలైనంతవరకు అసలు ప్రతి ముట్టుకుని చూడాలని నేను పోరుపెట్టేది ఇందుకే.

ఉన్న కాగితాల సంగతి ఇలా ఉంటే, లేని కాగితాల సంగతి మరీ చిక్కు. జులై 20 నుంచి 23 దాకా ఫ్రెంచి అధ్యక్షుడు పొయింకారే, ప్రధాని వివియాని రష్యా రాజధానిలో ఉన్నారు. వాళ్లు జారుతో, ఆయన మంత్రులతో ఏం మాట్లాడుకున్నారో అధికారిక నమోదు మనకు మిగల్లేదు. బెర్లిన్, వియన్నా ఓడిపోయి, అక్కడి రాజ్యాలు కూలడం వల్ల వాటి పత్రాలు బయటపడ్డాయి. గెలిచినవాడి బీరువా అంత తేలిగ్గా తెరుచుకోదు. కాబట్టి ఎక్కువ కాగితాలు దొరికినవాడే ఎక్కువ దోషిగా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చరిత్రకారుడు క్రిస్టఫర్ క్లార్క్ 2012 నాటి తన పుస్తకంలో అందరినీ నిద్రలో నడిచినవాళ్లుగా చూపించడానికి ఈ అసమానతను సరిదిద్దాలన్న తపన ఒక కారణమని నా ఊహ. ఆ పుస్తకం అద్భుతంగా చదివిస్తుంది. ముగింపుతో మాత్రం నేను ఏకీభవించను. కాగితాలు లేకపోవడం నిర్దోషిత్వానికి సాక్ష్యం కానట్టే, దోషానికీ సాక్ష్యం కాదు. ఉన్నవాటిని తూచితే, చిన్న యుద్ధాన్ని కావాలని కోరుకున్నది వియన్నా. అది పెద్ద యుద్ధం కావచ్చని తెలిసీ అండనిచ్చింది బెర్లిన్. సమీకరణతో తలుపులు మూసింది రష్యా. ఈ వరుసలోనే బాధ్యత కూడా తగ్గుతూ వస్తుంది. నేను ఎక్కువగా ఆధారపడేది ఇటలీ పాత్రికేయుడు ఆల్బర్తీని మీద. ఫాసిస్టులు పత్రికా సంపాదకత్వం నుంచి తరిమేస్తే, మిగిలిన జీవితం ఈ పత్రాలకే ధారపోశాడు. బతికున్న రాయబారులను అడిగించాడు, వాళ్లు చెప్పిన మాటలను టెలిగ్రామ్ సమయాలతో సరిచూశాడు. 1941లో కన్నుమూశాక గానీ ఆయన రాసిన మూడు సంపుటాలు అచ్చుకాలేదు.

భారతదేశానికి జులై సంక్షోభమే లేదన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మనల్ని ఎవరూ అడగలేదు. బ్రిటిష్ రాజు యుద్ధం ప్రకటిస్తే మనమూ యుద్ధంలో ఉన్నట్టే. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించినప్పుడు, ఆ రాజధాని కింద ఉన్న కోస్తా జిల్లాల తెలుగువాళ్లకు యుద్ధం దగ్గరికొచ్చింది. ఎందుకు దిగామన్న ప్రశ్నకు మన జవాబు ఒక్క వాక్యం: పరాయి పాలన.

విప్లవాల దగ్గరికొస్తే సాక్ష్యం తీరే వేరు. మంత్రులు నివేదికలు రాసుకుంటారు, గుంపు రాయదు. 1789 ఫిబ్రవరి నాటికి పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె, మామూలుగా ఎనిమిది తొమ్మిది సూలు ఉండేది, పద్నాలుగున్నర సూలకు ఎగబాకింది. విప్లవానికి కారణం దొరికిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 1775లోనూ ధాన్యం ధరలు మండి దొమ్మీలు జరిగాయి. అయినా విప్లవం రాలేదు. 1789లో కొత్తగా వచ్చింది మరొకటి: ప్రతినిధుల సభకు ఎన్నికలు జరిపి, ఊరూరా ఫిర్యాదులు రాసివ్వమని రాజే అడిగాడు. ఆకలికి ఆశ తోడైంది. ఆ జులై చివర్లో బందిపోట్లు వస్తున్నారన్న వదంతి ఫ్రాన్స్ పల్లెల్ని వణికించింది. ప్రభువుల కుట్ర అని కొందరు, విప్లవకారుల కుట్ర అని కొందరు చాలాకాలం కొట్టుకున్నారు. ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ లెఫెవ్ర్ 1932లో ఏ ఊరికి ఏ తేదీన, ఎవరి నోట ఆ వదంతి చేరిందో ఒక్కొక్కటే గుర్తించి దాని దారులు గీశాడు. బందిపోట్లూ లేరు, కుట్రా లేదు. కొద్దిచోట్ల పుట్టిన భయం నోటి నుంచి నోటికి పాకింది. ఆ భయం వల్లే రైతులు ఆయుధాలు పట్టారు, ఆగస్టు 4 రాత్రి సభ భూస్వామ్య హక్కుల రద్దుకు పూనుకుంది.

ఇలాంటి పని మన దగ్గర ఎంత మిగిలి ఉందో చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువభాగం దాన్ని అణచడానికి వెళ్లినవాళ్లు రాసిన కాగితాల నుంచి వచ్చింది. అల్లూరి సీతారామరాజు వ్యక్తిత్వం మీదే ఆ రాతల చూపంతా. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డుపనిలో కూలి ఎగ్గొట్టడం, అటవీ చట్టాలు పోడును అడ్డుకోవడం, ముఠాదారుల హక్కులు పోవడం ఆ ఫైళ్లలో పక్కమాటలుగా దొర్లుతాయి. పై అధికారికి సంజాయిషీ రాసేవాడు తన కింది ఉద్యోగి అక్రమాన్ని శీర్షికలో పెట్టడు కదా. అయినా పక్కమాటగా ఒప్పుకున్నాడంటే, ఆ మాట విలువ ఇంకా పెరుగుతుంది.

తెలంగాణ సాయుధ పోరాటానికీ ఇదే వర్తిస్తుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం దగ్గర కథ మొదలుపెట్టడం మనకు అలవాటు. దానికి ముందరి నెలల్లో ఏ ఊళ్లో ఏ వెట్టి, ఏ భూమి తగాదా ఎప్పుడు రగిలిందో లెఫెవ్ర్ పద్ధతిలో పటం గీసినవారిని నేను చూడలేదు. పాత నిజాం రాజ్యపు దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారంలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఉర్దూ, పారసీ చదవడం రావాలి. ఇక్కడ కూర్చున్న ఎం.ఏ. విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురైనా వచ్చే సెలవుల్లో ఆ లిపి నేర్చుకోవడం మొదలుపెట్టండి. నేర్పడానికి నేను సిద్ధం.