బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవారు



ప్రియులారా, మన ఉదయగిరి కొండ మీది దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గజపతుల నుండి పట్టుకున్నాడు. రాజు పేరు నిలిచింది. ఇల్లు చేరిన సిపాయికి రాత్రిళ్ళు నిద్ర పట్టిందా లేదా అన్నది ఎవరికి పట్టింది?

మన కాలములోను అంతే. 1987 నుండి 1990 వరకు శ్రీలంకలో, 1999లో కార్గిల్‌లో మన సైనికులు పోరాడారు. తిరిగి వచ్చినవారికి దండలు వేశాము. అయితే పెండ్లిలో టపాకాయ పేలితే వణికిపోయేవాణ్ణి, అర్ధరాత్రి కేక పెట్టి లేచేవాణ్ణి, ఎవరితోను మాట కలపనివాణ్ణి ఏమంటున్నాము? ఊరిలో దయ్యం పట్టిందంటారు. సంఘములో విశ్వాసము చాలదంటారు.

మొదటి ప్రపంచ యుద్ధములో పిరికితనము, పారిపోవుట వంటి నేరాలు మోపి బ్రిటిషు సైన్యము తన సైనికులనే కాల్చి చంపింది. వారిలో మనస్సు చెదిరినవారూ ఉన్నారు. 306 మందికి 2006లో గాని క్షమాపణ దొరకలేదు. మరణాన్ని దగ్గరగా చూసిన మనస్సు, అపాయము దాటిపోయినా ఇంకా దాటలేదనుకొని కాపలా కాస్తూనే ఉంటుంది. ఇది పిరికితనము కాదు, కంటికి కనబడని గాయము.

మొదటి సమూయేలు 30వ అధ్యాయము చూడండి. సిక్లగు కాలిపోయింది. భార్యాబిడ్డలు చెరపోయారు. దావీదు మనుష్యులు ఏడ్చి ఏడ్చి, ఇక ఏడ్చే శక్తి కూడా లేనివారైరి. 600 మంది బయలుదేరితే, 200 మంది బెసోరు వాగు దాటలేక నిలిచిపోయారు. గెలిచి వచ్చినవారిలో కొందరు, వారికి దోపుడు సొమ్ములో పాలు లేదన్నారు. దావీదు ఏమి చేశాడు? మొదట వారి క్షేమము అడిగాడు. తరువాత అందరికీ సమానముగా పంచాడు. వాగు దాటలేనివాడు కూడా ఆ సైన్యములోనివాడే!

ఈ మాటలు వింటున్న అమ్మా, నీ భర్త అటువంటి స్థితిలో ఉన్నాడా? జరిగినదంతా చెప్పమని బలవంతపెట్టకు. నిద్రలో ఉలిక్కిపడితే మీద చెయ్యి వేయక, కొంచెము దూరము నుండి పేరు పెట్టి పిలువు. మద్యముతో నిద్ర తెచ్చుకుంటుంటే, తిట్టడముకంటె డాక్టరు వద్దకు తీసుకొనిపోవడము మేలు. చనిపోతానంటే ఒంటరిగా విడువకు. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు వేసుకోవడము అవిశ్వాసము కాదు. కాలు విరిగితే కట్టు కట్టించుకోమా?

సంఘ పెద్దలారా, దయ్యాలు వెళ్ళగొట్టే ముందు దావీదువలె క్షేమము అడగండి. అతని పాలు అతనికి ఇవ్వండి.

ప్రార్థించుకుందాము. తండ్రీ, వాగు ఒడ్డున ఆగిపోయినవారిని జ్ఞాపకము చేసికొనుము. వారి రాత్రులకు నిద్రను, వారి ఇండ్లకు ఓర్పును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.