ఆగకూడని సూదిమందు



నేను డాక్టర్ని కాను, ఇంజనీర్ని. పంపుల భాషలోనే ఒక జబ్బు గురించి చెబుతాను. పొలంలో పైపు లోపల పూడుకుపోతే మోటారు మీద భారం పడుతుంది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనులు అలా సన్నబడితే గుండె కుడిభాగం అలసిపోతుంది. దీన్నే పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ కట్టి చూసే బీపీలో ఇది కనబడదు.

జబ్బు ముదిరినవారికి సూదిమందులున్నాయి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన ఎపోప్రోస్టెనాల్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే పెద్ద సిరలో గొట్టం పెట్టి, చిన్న పంపుతో రాత్రీ పగలూ ఎక్కించాలి. పంపు ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

శాటిలైట్ రేడియో రంగానికి చెందిన మార్టిన్ రోత్‌బ్లాట్, కూతురికి ఈ జబ్బు రావడంతో 1996లో మందుల కంపెనీ పెట్టారు. వారి ట్రెప్రోస్టినిల్‌కు 2002లో అనుమతి వచ్చింది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 4 గంటలు పడుతుంది. చర్మం కిందే ఎక్కించవచ్చు, కానీ గుచ్చినచోట నొప్పి. 2024లో అనుమతి పొందిన సొటాటెర్సెప్ట్ అయితే 3 వారాలకొక ఇంజెక్షన్.

ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ. మన ఇళ్లలో ఆడపిల్లకు ఆయాసమొస్తే ‘నెత్తురు తక్కువ’ అని ఐరన్ బిళ్లలతో సరిపెడతాం. బిళ్లలు వాడినా తగ్గకపోతే, పాదాలు వాచినా, కళ్లు తిరిగి పడినా, శ్రీకాకుళమో విశాఖో తీసుకెళ్లి గుండెకు ఎకో తీయించండి. అనుమానముంటే కేథటర్ పరీక్షతో తేలుస్తారు. ముందే పట్టుకుంటే చాలామందికి మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టవచ్చు.